కళ్లంలో చెయ్యి పోతే ఆ లెక్క రచ్చబండ మీద తేలదు

గత సంక్రాంతికి పది రోజుల ముందు, అరసవల్లికి దగ్గరలోని ఒక ఊళ్లో, మన సంఘ సభ్యుడి కళ్లంలో నూర్పు మిషన్‌కి పనలు అందిస్తున్న ఒక కూలీ తల్లి కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆమె వయసు నలభై. మిషన్ అద్దెకు తెచ్చినది, దాని యజమానీ మన సభ్యుడే. వారం తిరక్కుండా రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. రైతు ఆసుపత్రికి అప్పటికే 30 వేలు పెట్టానన్నాడు. మిషన్ యజమాని ఆమె చీర కొంగు సరిగ్గా దోపుకోలేదన్నాడు. చివరికి ఇద్దరూ కలిసి 40 వేలు ఇచ్చేటట్టు, ఇక మీదట ఆమెకు గానీ ఆమె పిల్లలకు గానీ ఏ హక్కూ లేనట్టు కాగితం రాయించి, ఎడం చేతి వేలిముద్ర వేయించారు.

ఆ రచ్చబండ మీద మేమూ కూర్చున్నాం. ఇది దాచుకుని ఈ సంపాదకీయం రాస్తే సిగ్గుచేటు. తగువు పెరక్కుండా తీరింది కదా, ఇద్దరు సభ్యులూ మనవాళ్లే కదా అని లేచి వచ్చేశాం. ఆ తల్లి మాత్రం సంఘం ఆఫీసుకి రెండుసార్లు వచ్చింది. "నా సెయ్యి పోయింది బాబూ, సంఘం ఏటి సెప్తాది?" అని అడిగింది. మొదటిసారి మా దగ్గర జవాబు లేదు. రెండోసారి వచ్చేలోపు చట్టం తెచ్చి చదివాం. చదివాక తెలిసిన సంగతులు ఈ నూర్పుల కాలం ముదరక ముందే సభ్యులందరికీ చెప్పాలని ఈ నెల ఈ పేజీ దానికే కేటాయించాం.

మనం ఎప్పుడూ రైతులమనే అనుకుంటాం. గిట్టుబాటు ధర అడిగేటప్పుడు, వంశధార నీళ్లు అడిగేటప్పుడు, తుపాను నష్టం రాయించుకునేటప్పుడు మనం అడిగేవాళ్లం. కళ్లంలోకి ఆరుగురు కూలీలను పిలిచిన రోజు మాత్రం చట్టం దృష్టిలో మనం యజమానులం. రెండున్నర ఎకరాల కౌలు రైతైనా అంతే. ఈ మాట మింగుడు పడటం కష్టం. మాకూ కష్టమే అయింది.

చట్టం కొత్తది కాదు. పనిలో గాయపడ్డవాళ్లకు నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లో తెల్లవాడి కాలంలోనే వచ్చింది. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రత కోడ్‌లో దాన్ని కలిపారు, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. గత జనవరిలో జరిగిన ఈ ప్రమాదానికి పాత చట్టమే వర్తిస్తుంది. అది ఫ్యాక్టరీలకు కదా, పొలానికి ఏటి సంబంధం అని చాలామంది అనుకుంటారు. మేమూ అదే అనుకున్నాం. ఆ చట్టం రెండో షెడ్యూలులో ఎవరెవరికి వర్తిస్తుందో జాబితా ఉంది. మిషన్లతో కోతలు, నూర్పులు చేసేవాళ్లు అందులో ఉన్నారు. ట్రాక్టర్లు, పవర్ టిల్లర్ల మీద పనిచేసేవాళ్లు ఉన్నారు. పురుగుమందు కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. మిషన్ లేకుండా ఒట్టి వ్యవసాయం పనైతే మాత్రం, అంతకు ముందు పన్నెండు నెలల్లో ఏదో ఒక రోజున 25 మంది కంటే ఎక్కువ మందిని పెట్టి ఉంటేనే వర్తిస్తుంది. అంటే ఒకే మడిలో, ఒకే రోజున, కొడవలితో వేలు తెగిన మనిషికి ఏమీ రాదు, మిషన్‌లో వేలు పోయిన మనిషికి వస్తుంది. ఇది చట్టంలో ఉన్న పెద్ద లోటు. దాని మీద వేరే కొట్లాడాలి. ఉన్నదాన్ని ఎగ్గొట్టడానికి అది సాకు కాదు.

ఇక లెక్క చూడండి. మణికట్టు దగ్గర చెయ్యి పోతే సంపాదించే శక్తి 60 శాతం పోయినట్టు చట్టం మొదటి షెడ్యూలు చెబుతుంది. బొటనవేలు ఒక్కటే పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం, ఒక కన్ను పోతే 40 శాతం. పూర్తిగా పనికిరాకుండా పోతే నెల కూలిలో 60 శాతాన్ని వయసును బట్టి ఇచ్చిన ఒక అంకెతో గుణించాలి. నలభై ఏళ్లకు ఆ అంకె 184.17. నెలకు 12 వేలు కూలి అనుకుందాం. అందులో 60 శాతం 7,200. దాన్ని 184.17తో గుణిస్తే 13 లక్షల 26 వేలు. ఆమెకు పోయింది 60 శాతం కాబట్టి, అందులో 60 శాతం సుమారు 7 లక్షల 95 వేలు. మందుల ఖర్చు దీనికి అదనం, బిల్లుల ప్రకారం యజమానే భరించాలి. రచ్చబండ మీద మేం ఒప్పించింది 40 వేలు.

ఈ లెక్క చదివి చాలామంది గుండె జారుతుందని తెలుసు. ఏడెనిమిది లక్షలంటే సన్నకారు రైతు భూమి అమ్ముకోవాలి. కౌలు రైతైతే అమ్ముకోడానికి అదీ లేదు. అందుకే దీని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రమాదం జరిగినప్పుడు గబగబా కాగితం రాయించుకోవడం వెనక ఉన్నది దుర్మార్గం కాదు, భయం. కానీ ఆ కాగితం ఆ భయాన్ని కూడా తీర్చదు. ఆమె పొట్టే కాదు, మన పొట్ట కూడా దానితో నిండదు. ఎందుకో చెబుతాం.

1923 చట్టం 8వ సెక్షన్ ప్రకారం మనిషి చనిపోయినప్పుడు గానీ, గాయపడ్డది ఆడమనిషి అయి పరిహారం ఒకే మొత్తంగా ఇచ్చేటప్పుడు గానీ, ఆ డబ్బు కార్మిక శాఖ కమిషనర్ దగ్గర కట్టాలి. నేరుగా చేతిలో పెట్టిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు. 17వ సెక్షన్ ప్రకారం పరిహారం హక్కు వదులుకుంటున్నానని కూలీ రాసిచ్చిన ఏ కాగితమూ చెల్లదు. అంటే మన సభ్యులిద్దరూ ఇచ్చిన 40 వేలు చట్టం కళ్లకు ఇవ్వనట్టే. పైగా ప్రమాదం జరిగిన నెల రోజుల్లో ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. 7 లక్షల 95 వేల మీద అది ఏడాదికి 95 వేలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశాడని కమిషనర్ అనుకుంటే సగం దాకా జరిమానా కూడా వెయ్యొచ్చు. ఊరి పెద్దలు చేసిన మేలు ఇదీ!

దీనికి మన పొరుగునే జరిగిన కేసు ఒకటి ఉంది. సాలూరు మీదుగా ఘాటీ ఎక్కి కొరాపుట్ దాటితే జయపురం వస్తుంది, మన వాళ్లు చాలామంది ఉన్న ఊరే. 1968 జులై 6న అక్కడ ఒక సినిమా హాల్లో పనిచేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు. ఎడం చెయ్యి మోచెయ్యి దగ్గర తీసేయాల్సి వచ్చింది. రెండు హాళ్లున్న యజమాని వడ్రంగి స్వయంగా వచ్చి అడిగితే పట్టించుకోలేదు. కమిషనర్ దగ్గరకు వెళితే ఆ కేసు వినే అధికారమే ఆయనకు లేదన్నాడు. వాడు నా పనివాడు కాదు, కాంట్రాక్టుకు వచ్చినవాడు, తప్పు వాడిదేనన్నాడు. చివరికి చాలా తక్కువ మొత్తానికి రాజీ కాగితం తెప్పించాడు. కమిషనర్ ఆ కాగితాన్ని తిప్పికొట్టాడు. ఒంటి చేత్తో వడ్రంగి పని చేయలేడు కాబట్టి షెడ్యూలులో శాతం ఎంతున్నా అది పూర్తిగా పని పోయినట్టే అని 9,800 రూపాయలు, దాని మీద సగం జరిమానా, వడ్డీ వేశాడు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన అప్పీలు కొట్టేసి, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని తేల్చింది. దేశమంతా ఈ రోజుకీ కమిషనర్ల ముందు ఆ తీర్పు వినిపిస్తూనే ఉంది.

ఆ సినిమా హాలు యజమాని మాటలు ఒక్కొక్కటీ మన రచ్చబండ మీద వినపడ్డవే. నా మనిషి కాదు. తప్పు తనదే. ఎంతోకొంత ఇచ్చేస్తాం, రాసివ్వండి. కొంగు దోపుకోలేదన్న వాదన కూడా చట్టం ముందు నిలవదు. తాగి ఉంటే, కావాలని భద్రతా నియమం మీరితే, కావాలని గార్డు తీసేస్తే తప్ప కూలీ అజాగ్రత్త పరిహారాన్ని ఆపదు. చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ మూడు కారణాలు కూడా చెల్లవు. అయినా గార్డు తీసేదెవరు? పని తొందరగా అవుతుందని మిషన్ నోటి మీది రేకు ఊడదీసి గట్టు మీద పారేసేది మనమే. నూర్పు మిషన్ల కోసమే 1983లో ప్రమాదకర యంత్రాల చట్టమని ఒకటి చేశారు. పనలు పెట్టే తొట్టి 90 సెంటీమీటర్ల పొడవుండాలి, అందులో 45 సెంటీమీటర్లు పైన కప్పు ఉండాలి అని ప్రమాణం ఉంది. చెయ్యి లోపలి పళ్ల దాకా వెళ్లకుండా ఉండటానికే ఆ కొలత. ఈ వారం మీ ఊళ్లో తిరుగుతున్న మిషన్‌ని ఒకసారి టేపు పెట్టి కొలవండి.

మరి ప్రమాదం జరిగితే రైతు ఏం చెయ్యాలి? మొదట మిషన్ ఆపి, గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టాలి. పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు వద్దు. తెగిపోయిన భాగం దొరికితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఐసు మీద పెట్టి తీసుకెళ్లాలి. ఐసు నేరుగా తగలకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. రైతే స్వయంగా వెంట వెళ్లాలి, మేస్త్రీని పంపి ఊరుకోకూడదు.

ఆసుపత్రిలో చెప్పే మాట దగ్గరే సగం పని చెడుతుంది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో మన సభ్యుడు "ఇంటి దగ్గర గడ్డి కోస్తుంటే తెగింది" అని చెప్పాడు. చీటీలో అదే రాశారు. ఇప్పుడు ఆ ఒక్క ముక్క ఆమె కేసుకు అడ్డం. ఆమెకే కాదు, మిషన్‌కి ఇన్సూరెన్సు ఉండి ఉంటే దానికీ అడ్డమే. జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఏ మిషన్, ఎవరి కళ్లం, ఏ టైము, పక్కన ఎవరున్నారు, అన్నీ ఆ రోజే నోటు పుస్తకంలో రాసుకుని ఇద్దరి చేత సంతకం పెట్టించాలి. మిషన్ ఫోటో తియ్యాలి. మందుల బిల్లులు పారేయకూడదు. కోలుకునే రోజుల్లో కూలి పోతుంది కదా, దానికీ చట్టంలో లెక్క ఉంది. మూడు రోజులు దాటి పనికి రాలేకపోతే పదిహేను రోజులకోసారి నెల కూలిలో నాలుగో వంతు ఇవ్వాలి. ఇది దానం కాదు, ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకోవడంలో తప్పు లేదు.

ఆ తర్వాత జిల్లా కేంద్రంలో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లి చెప్పాలి. రాజీ వద్దని మేం అనడం లేదు. రాజీ పడాలనుకుంటే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలి. మొత్తం మరీ తక్కువైతే ఆయన ఒప్పుకోడు, జయపురంలో జరిగింది అదే. డబ్బు అక్కడే కట్టాలి. అప్పుడే ఆమెకు అందాల్సింది అందుతుంది, రైతుకూ తీరిందన్న రుజువు ఉంటుంది.

రైతా, మిషన్ యజమానా, ఎవరు కట్టాలి అన్న తగువు ప్రతిసారీ వస్తుంది. మిషన్‌తో వచ్చిన మనిషైతే యజమాని కూలీ, పనలు అందించడానికి మనం పిలిచిన మనిషైతే మన కూలీ. ఆ గీత ఎక్కడ గియ్యాలో కమిషనర్ చూసుకుంటాడు. కాంట్రాక్టరు ద్వారా చేయించిన పనికి ముందు అసలు యజమాని చేత కట్టించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకునే దారి కూడా చట్టంలో ఉంది. ఈ తగువు మనం మనం పడదాం. అది తేలేదాకా చెయ్యి పోయిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు బాధ దగ్గరకు వద్దాం. అంత డబ్బు ఎక్కడిది? ఇన్సూరెన్సు ఒక్కటే దారి. కూలీల నష్టపరిహారానికి ప్రభుత్వ రంగ ఇన్సూరెన్సు కంపెనీల్లో ప్రత్యేక పాలసీ దొరుకుతుంది. ట్రాక్టరు ఇన్సూరెన్సు ఉంది కదా అని ధీమా పడొద్దు. అద్దెకు తిప్పితే వర్తిస్తుందా, దానికి తగిలించిన నూర్పు మిషన్ దగ్గర పనిచేసే కూలీకి వర్తిస్తుందా, ఈ రెండూ ఏజెంటును అడిగి రాతలో తీసుకోండి. మిషన్ యజమాని గంటకు అద్దె తీసుకుంటున్నాడు కాబట్టి ఈ పాలసీ ఆయనే కట్టడం న్యాయమని మా అభిప్రాయం. దాని కోసం అద్దె కొంచెం పెంచినా రైతులు గొణగకూడదు. ఏటా 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది, చనిపోతే 2 లక్షలు, ఒక చెయ్యి పోతే లక్ష. కూలీలందరికీ అది ఉండేటట్టు చూడటం మంచిదే. కానీ అది కూలీ కట్టుకున్న బీమా, మనం ఇవ్వాల్సినదాంట్లోంచి కోసుకోడానికి కాదు.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. విశాఖలో 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్‌కి 12 మంది చనిపోతే ఒక్కో కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసైన్షియా ఫార్మాలో 17 మంది చనిపోయినప్పుడూ కోటే ప్రకటించారు. ఇచ్చింది మంచిదే, మేం కాదనం. కళ్లంలోకి మాత్రం టీవీ కెమెరా రాదు, మంత్రి రాడు. సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి నూర్పు మిషన్‌కీ, ట్రాక్టరుకీ కూలీల బీమా కలిపే ఇవ్వాలి. కొడవలి పట్టే కూలీకీ పరిహారం వర్తించేటట్టు 25 మంది అన్న అడ్డు తీసెయ్యాలి. సన్నకారు, కౌలు రైతుల తరఫున ఆ ప్రీమియం ప్రభుత్వమే కట్టాలి. ఈ మూడూ మన జిల్లా మహాసభ తీర్మానంలో పెడుతున్నాం.

ఒక సభ్యుడు ఈ రాత ముందే చదివి "మన మీద మనమే కేసులు పెట్టుకుంటామా అన్నా?" అని అడిగాడు. ఆయన కొడుకు చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లాడు. మన జిల్లాలో ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు అలా వెళ్లినవాళ్లే. అక్కడ పరంజా మీద నుంచి పడితే కాంట్రాక్టరు 20 వేలు చేతిలో పెట్టి రైలెక్కిస్తే మనం ఊరుకుంటామా? ఊరుకోం. (అన్నట్టు, అలాంటి కేసు చెన్నైలోనే వెయ్యనక్కర్లేదు, గాయపడ్డవాళ్లు ఉండే చోటే, శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. ఈ సంగతి వలస వెళ్లినవాళ్ల ఇళ్లల్లో చెప్పండి.) అక్కడి కాంట్రాక్టరు ముందు పరిచే చట్టమే ఇక్కడ మన కళ్లంలోనూ పరవాలి. ఆ మాటే ఆయనకు చెప్పాం. కాసేపు మాట్లాడలేదు, తర్వాత పాలసీ ఎంతవుతుందని అడిగాడు.

పరిహారం కోసం దరఖాస్తు రెండేళ్లు దాటకుండా పెట్టాలి. ఆ తల్లికి ఇంకా ఏడాది పైన గడువుంది. సంక్రాంతి లోపే కార్మిక శాఖలో ఆమె దరఖాస్తు పెడుతున్నాం. ఎదుటి పక్షంలో రైతు పేరూ, మిషన్ యజమాని పేరూ రెండూ ఉంటాయి. ఇద్దరినీ ఆఫీసుకు పిలిచి ఆ సంగతి ముఖం మీదే చెప్పాం. రైతు, ఆసుపత్రిలో తను చెప్పింది నిజం కాదని కమిషనర్ ముందు చెప్పడానికి ఒప్పుకున్నాడు. మిషన్ యజమాని ఇంకా ఒప్పుకోలేదు. రచ్చబండ మీద కూర్చున్నవాళ్లుగా మేమూ సాక్ష్యం చెబుతాం. ఆ రోజు కళ్లంలో పనిచేసిన మిగతా ఐదుగురూ వచ్చే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకి రావాలి.